సగము బలము

వాగ్భటుడు తన ఆయుర్వేదగ్రంథమగు అష్టాంగహృదయమున దినచర్యను వివరించుచు అభ్యంగమునకు పిమ్మట వ్యాయామమును నిలిపి, దానివలన దేహమునకు తేలికదనమును, పనియందు సామర్థ్యమును, జఠరాగ్నికి దీప్తియు కలుగునని చెప్పి, వెంటనే దానికొక హద్దు గీసినాడు: నేయి నూనెలతో భుజించు బలవంతుడు సైతము చలికాలమునను వసంతమునను తన శక్తిలో సగమే వినియోగింపవలెను, తక్కిన ఋతువులలో అంతకన్న మందముగా. నోటితో ఊపిరి తీయవలసి వచ్చుటయే ఆ సగమునకు గుర్తని సుశ్రుతుడు చెప్పగా, నుదుటను ముక్కునను చెమట పట్టుటను వ్యాఖ్యాతలు దానికి చేర్చినారు.

ఈ హద్దు నాకు స్పష్టముగా కనబడినది తాలింఖానాలో కాదు, వానాకాలమున నర్సింహులపేట మడులలో. బురదలో వంగి, ఎడమచేతి నారుకట్టనుండి కుడిచేత రెండుమూడు పోచలు విడదీసి నాటుచు వెనుకకు జరుగు స్త్రీ, ముక్కుకొనను నిలిచిన చెమటబొట్టును, చేతులు బురదయగుటచే, భుజమునకు రాచి తుడుచుకొనును. శాస్త్రము చెప్పిన గుర్తు పొద్దెక్కకమునుపే ఆమె ముఖమున కనబడినది. నాటు మాత్రము పొద్దుగూకువరకు సాగవలసినదే. పైగా ఆ వాగ్భటుడే ఋతుచర్యలో, వర్షాకాలమున జఠరాగ్ని మందగించును గనుక ఆయాసమును ఎండను విడువుమన్నాడు. శాస్త్రము వలదన్న ఋతువునందే మన అన్నము పుట్టవలసియున్నది.

దీనిని చూపి, ఈ శాస్త్రము కలిగినవారికే గాని కూలినాలి జనమునకు కాదని కొట్టివేయువారున్నారు. నేనట్లు తలపను. చరకుడు వ్యాయామమన్నది దేహమునకు స్థైర్యమును బలమును పెంచు, మనసొప్పిన చేష్టను. మితిమీరిన శ్రమవలన దప్పి, క్షయము, దగ్గు, జ్వరము, వాంతి కలుగునని వాగ్భటుడు స్పష్టముగా హెచ్చరించినాడు. కావున నాట్లు వేయు ఆమెకు తెల్లవారుజామున వ్యాయామము చేయుమని బోధించుట శాస్త్రమెరుగని మాట. దండీలు బస్కీలు బండిమీద పోయి దినమెల్ల దుకాణమున కూర్చుండువారికి విధింపవలెను. ఆమెకు దినచర్యలో దక్కవలసినది అభ్యంగము; తలకును, చెవులకును, పాదములకును విశేషముగా నూనె పట్టింపుమని గ్రంథమే చెప్పుచున్నది. కాని నాట్ల దినములలో ఇల్లు చేరిన పిదప పొయ్యి రాజేసి అందరికి నీళ్లు కాచునది కూడ సాధారణముగా ఆమెయే. దున్నుటయు దమ్ముచేయుటయు ట్రాక్టరు చేపట్టినందున మగవారికి ఆ మేర శ్రమ తగ్గినది గదా. నాటు ముగియువరకు సాయంకాలపు నీళ్లు వారు కాచియుంచవలెను, నువ్వులనూనె గోరువెచ్చగా చేసి ఆమె చేతికందింపవలెను, ఆమె స్నానము ముగించి భుజించువరకు ఇంకొక పని చెప్పకుండవలెను.