చెల్క కొలత: పాత గణితం, పదో తరగతి గణితం

నల్లగొండ, పాలమూరు చెల్కలు చదరంగా ఉండవు. రాతిగుండ్లను తప్పించుకుంటూ, వాగు వంపును బట్టి ఒరాలు (గట్లు) సాగుతాయి. అలాంటి చెల్క ఒకటి అనుకుందాం: చుట్టూ వరసగా 77, 55, 44, 44 గజాలు. 77 గజాల ఒరానికి ఎదురుగా ఉన్న 44 గజాల ఒరం సమాంతరం, మిగిలిన 44 గజాలది ఆ రెండింటికీ నిలువు. ఎదురెదురు కొలతలు కూడి, సగం చేసి, గుణించడం బేరాల్లో అలవాటైన లెక్క. అలా చేస్తే 60.5 × 49.5, అంటే 2,994.75 చదరపు గజాలు. గుంటకు 121 చొప్పున 24 ముప్పావు గుంటలు.

పదో తరగతి పుస్తకం నిరూపక రేఖాగణితంలో వేరే దారి చూపుతుంది. కర్ణం గీసి, రెండు త్రిభుజాలు చేసి కూడాలి. ఒకటి 14 గుంటలు, ఇంకోటి 8. మొత్తం 22. అసలు వైశాల్యం ఇదే. బేరం లెక్కలో పుట్టుకొచ్చిన 2 ముప్పావు గుంటల్లో గడ్డిపోచ కూడా మొలవదు, డబ్బు మాత్రం కొనేవాడే కట్టాలి.

అంతమాత్రాన కొత్త పుస్తకానిదే పైచేయి అనలేను. పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చిన మహావీరాచార్యుడి గణితసార సంగ్రహం, 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి ఏలుబడిలో పుట్టింది. అందులో వైశాల్యం లెక్కలు రెండు రకాలు: వ్యావహారికం, సూక్ష్మం. మన బేరం లెక్కే ఆ వ్యావహారికం. మహావీరుడు దాన్ని దాచలేదు, ఈసడించలేదు. సూక్ష్మాన్ని కూడా అదే గ్రంథంలో పెట్టాడు. రెండూ చేసి చూసినవాడికి తేడా ఎంతో తెలుస్తుంది.

అయితే ఆ సూక్ష్మంలోనూ లొసుగుంది. భుజాల మొత్తంలో సగం నుంచి ఒక్కో భుజాన్ని తీసేసి, వచ్చిన నాలుగింటినీ గుణించి వర్గమూలం కట్టమంటాడు. మన చెల్కకు 23 గుంటల పైచిలుకు వస్తుంది. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉంటేనే చెల్లే సూత్రమది, ఆ షరతు ఆయన చెప్పలేదు. భుజాలు మాత్రమే ఇచ్చి కచ్చితమైన వైశాల్యం అడిగేవాణ్ని 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు పిశాచాల్లో కలిపేశాడు. జవాబు చెప్పేవాణ్నీ వదల్లేదు!

కొత్త పుస్తకానికి ఈ లొసుగు లేదు. దాని ఇబ్బంది వేరు. లెక్క బిందువుల జతలతోనే మొదలవుతుంది. చెల్కలో మూలబిందువు ఎక్కడ పాతాలి? టేపు పట్టుకున్న పిల్లకు కావలసింది కర్ణం కూడా కొలవాలన్న ఆలోచన.

వైశాల్యం దాటి సంభావ్యత దగ్గరికొస్తే, ఈ రెండు గణితాల పోలిక పొడుగు సాగదు. మహావీరుడు ఎంపికలను లెక్కించే సూత్రం ఇచ్చాడు గానీ అవకాశాల జోలికి పోలేదు. కొత్త పుస్తకానికి నాణెం, పాచిక, పేకముక్కలంటే ఇష్టం. దేవరకొండ వైపు బోరు వేస్తే నీళ్లు పడటం, పడకపోవడం, రెండే ఫలితాలు. అందుకని చెరి సగం కాదు. సమసంభవం ఎక్కడ చెల్లదో నేర్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ వెతకక్కర్లేదు.

మళ్లీ చెల్కకు వద్దాం. ఏ త్రిభుజం వైశాల్యమైనా దాని రెండు భుజాల లబ్ధంలో సగాన్ని మించదు. ఒక కర్ణంతో ఏర్పడే రెండు త్రిభుజాలకూ, రెండో కర్ణంతో ఏర్పడే రెండింటికీ ఈ మాట రాసి కూడితే, బేరం లెక్క అసలు కన్నా ఎన్నడూ తక్కువ రాదని రుజువవుతుంది. దీర్ఘచతురస్రమైతేనే సమానం. పదో తరగతి పిల్లలు బల్ల మీద చేయగలిగిన రుజువే. వ్యావహారికాన్ని తప్పుడు లెక్కగా పక్కన పడేస్తే, ఆ తప్పు ఎప్పుడూ అమ్మేవాడి వైపే మొగ్గుతుందన్న సంగతి వాళ్లకు తెలిసే దారి ఉండదు.