రెండు బీజాపూర్‌లు, ఒక పట్టిక

యూనిక్స్ మీద నడిచే మెయిల్ సర్వర్ ఏ ఉత్తరం ఎక్కడికి పోవాలో పట్టికలు చూసి తేల్చుకుంటుంది. పోస్ట్‌ఫిక్స్‌లో ఇవి మామూలు టెక్స్ట్ ఫైళ్లే: ఎడమవైపు వెతకాల్సిన మాట, మధ్యలో కాస్త జాగా, కుడివైపు జవాబు. హ్యాష్ గుర్తుతో మొదలైన వరుసను సర్వర్ పట్టించుకోదు. ఖాళీతో మొదలైన వరుసను పై వరుసకు కొనసాగింపుగా తీసుకుంటుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. చూడ్డానికి బాగుంటుందని రెండో వరుసను కాస్త లోపలికి జరుపుతారు, అది వెళ్లి పై వరుస జవాబులో కలిసిపోతుంది. ఏలియాసెస్ ఫైలు సెండ్‌మెయిల్ కాలం నాటిది కాబట్టి అందులో మాత్రం ఎడమ మాట తర్వాత కోలన్ పెట్టాలి.

ఫైలు రాసి సేవ్ చేస్తే పని అయిపోదు. పోస్ట్‌మ్యాప్ అనే కమాండ్ ఇవ్వాలి. అది తయారుచేసే ఇండెక్స్ ఫైలునే సర్వర్ చూస్తుంది, అసలు ఫైలు జోలికి పోదు. ఏలియాసెస్‌కైతే న్యూఏలియాసెస్ కమాండ్. కొత్త వరుస ఎందుకు పనిచేయడం లేదో తెలియక రాత్రంతా కూర్చున్నవాళ్లు చాలాసార్లు మరిచిపోయింది ఈ ఒక్కటే. పోస్ట్‌మ్యాప్‌కు మైనస్ క్యూ తగిలించి ఒక అడ్రసు ఇస్తే పట్టిక ఏం జవాబిస్తుందో అక్కడికక్కడే తెలుస్తుంది. ఆ ఇండెక్స్‌కు వాడే బెర్క్‌లీ డీబీని కొన్ని లైనక్స్‌లు వదిలేశాయి కాబట్టి, మెయిన్ డాట్ సీఎఫ్‌లో 'హ్యాష్' అని ఉన్నచోట 'ఎల్ఎండీబీ' అని మార్చుకోవాల్సి వస్తోంది.

చేత్తో దిద్దుకోగల ఫైలు ఉండగా బటన్లు నొక్కే తెర ఎందుకన్నది ఈ శీర్షిక ఎప్పుడూ పాడే పాటే. ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్ 1983లో బీఎస్‌డీ యూనిక్స్‌తో వచ్చింది. దాని సీఎఫ్ ఫైలు చూసి హడలిపోని అడ్మిన్ లేడు. ఐబీఎం పరిశోధనశాలలో ఉండగా వీట్సే వెనెమా 1998లో విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్ ఒక్కో ప్రశ్నకు ఒక్కో పట్టిక పెట్టింది. అడ్రసు ఎవరిదో వర్చువల్ చెబుతుంది, ఏ దారిన పోవాలో ట్రాన్స్‌పోర్ట్ చెబుతుంది, ఎవరిని గుమ్మంలోనే ఆపాలో యాక్సెస్ చెబుతుంది. ఆఫీసుల్లో వర్చువల్ పట్టికకు ఉపయోగం ఎక్కువ. ఎడమవైపు పదవి, కుడివైపు మనిషి. బదిలీ వస్తే కుడివైపు మాట ఒక్కటి మారుతుంది. తెలుగు పేర్లకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. లక్ష్మిని ఒకరు కేఎస్‌హెచ్‌తో, ఇంకొకరు ఎక్స్‌తో రాస్తారు. రెండు వరుసలు పెడితే రెండూ ఒకే పెట్టెకు చేరతాయి.

వర్చువల్ పట్టికలో సర్వర్ మొదట పూర్తి అడ్రసును వెతుకుతుంది. అది లేకపోతే, సొంత డొమైన్ అయిన పక్షంలో, ఉత్త పేరును వెతుకుతుంది. అదీ లేకపోతే డొమైన్ మొత్తానికి రాసిన వరుసను చూస్తుంది. మనిషి నుంచి ఊరికి పోయే వరుస అది. తపాలా శాఖ పిన్ కోడ్ దీనికి తలకిందులు. శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించగా 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చిన ఈ ఆరంకెల్లో మొదటిది ప్రాంతం, మొదటి మూడూ కలిసి సార్టింగ్ జిల్లా, చివరి మూడూ బట్వాడా చేసే పోస్టాఫీసు.

ఆ అంకెలు లేకుండా ఈ వారం ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నానికి ఒక కవరు వచ్చింది. తెలుగు మాట్లాడే ఊరు కాబట్టి తెలుగు దేశం నుంచి ఉత్తరాలు రావడం అక్కడ వింత కాదు. రాసినవారు 'బీజాపూర్ జిల్లా' అని ఊరుకున్నారు. దంతెవాడ నుంచి విడివడి 2007లో ఏర్పడిన ఈ బీజాపూర్ కంటే గోల్ గుంబజ్ ఉన్న బీజాపూరే లోకానికి ఎక్కువ తెలుసు. దానికి 2014లో విజయపుర అని పేరు మార్చినా జనం నోట పాత పేరు పోలేదు. దాని పిన్ 586101, బస్తర్ బీజాపూర్‌ది 494444. కవరు ముందు కర్ణాటక వెళ్లింది. అక్కడ ఎవరో కింద చిన్నగా ఉన్న 'భోపాలపట్నం' చూసి, ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కన ఛత్తీస్‌గఢ్ అని రాసి పంపారు. ఉత్తరాన్ని తిప్పి పంపడం పాపమని ఏళ్లుగా వాదిస్తున్న శీర్షికకు ఇంతకంటే సంతోషం ఏముంటుంది?

మెయిల్ సర్వర్‌లో ఆ దయకు సరిపోయేదిగా కనిపించేది డొమైన్ మొత్తానికి రాసే వరుసే. పేరు తప్పినా సరే, ఉత్తరం ఒక పెట్టెలో పడుతుంది. కానీ ఆ సార్టరుకు రెండో ఆధారం దొరికింది. పట్టికకు ఎడమ మాట తప్ప ఇంకేమీ కనిపించదు. ఒక్క అక్షరం తప్పిన దరఖాస్తు, ఊహించిన పేర్లకల్లా పంపిన చెత్త మెయిళ్లతో కలిసి ఎవరూ తెరవని పెట్టెలో ఉండిపోతుంది. పంపినవారేమో చేరిందనుకుంటారు. ఈ విషయంలో ఈ శీర్షిక తన వాదం వెనక్కి తీసుకోవాలి: తెలియని పేరును గుమ్మంలోనే 550 కోడ్‌తో తిప్పడమే మేలు, పంపినవారు తప్పు దిద్దుకుంటారు.

సొంత డొమైన్‌కు పోస్ట్‌ఫిక్స్ ఆ పని తనంతట తానే చేస్తుంది. ఇతర సర్వర్ల తరఫున తీసుకునే డొమైన్లకు చేయదు. అక్కడ రిలే రిసిపియెంట్ మ్యాప్స్ మొదట్లో ఖాళీగా ఉంటుంది కాబట్టి వచ్చినదల్లా లోపలికి వస్తుంది. వెనకున్న సర్వర్ కాదన్నాక తిరుగుటపాలో పంపితే, అది దొంగ అడ్రసులో పేరున్న అమాయకుడి మీద పడుతుంది. చెల్లే అడ్రసులన్నీ ఆ పట్టికలో ఎక్కించాలి. పట్టిక మీద నమ్మకం కుదిరేదాకా 550కి బదులు 450 పెట్టుకుంటే పంపే సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఈలోగా లాగ్ ఫైలు చూసి మరిచిన పేర్లు చేర్చుకోవచ్చు. పోస్ట్‌మాస్టర్ వరుస మాత్రం మొదటి రోజే ఉండాలి. ఉత్తరం ఎందుకు తిరిగొచ్చిందని అడగడానికైనా ఒక అడ్రసు పనిచేయాలి కదా.