అభ్రకపు నేల మీద పాత మోటార్లు

యూరప్‌లో పుట్టిన పాత కార్లను సంపాదించి, నడిపి, బాగుచేసుకునే అభిరుచిలో ‘వింటేజ్’ అన్న మాట రెండు అర్థాల్లో వినిపిస్తుంది. బ్రిటన్ సంప్రదాయంలో అది 1919 నుంచి 1930 దాకా తయారైన కార్లకే చెల్లుతుంది. మన దేశంలో, 2021లో కేంద్ర మోటారు వాహన నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని ఏ కారైనా, స్కూటరైనా వింటేజే. ఈ రెండో అర్థం ఉదారమైనది కనుకనే రాజభవనాల్లో ఉన్న కార్లతో పాటు మామూలు గృహస్థుల షెడ్లలో మిగిలిన కార్లకూ ఈ విద్యలో చోటు దొరికింది.

తెలుగు నేల మీది యూరప్ కార్లలో అందరికీ తెలిసినది హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్. ఆరో నిజాం కాలంలో ఆర్డరిచ్చి, సింహాసనం లాంటి ఆసనం అమర్చి కట్టించిన ఆ కారు మొత్తం మీద తిరిగింది కొన్ని వందల మైళ్లే కనుక, అది చూపరులకు నేర్పేది తక్కువ. నెల్లూరుకూ గూడూరుకూ నడుమ, మద్రాసు–కలకత్తా రహదారి మీద ఉన్న మనుబోలుకు అంతకంటే దగ్గర చుట్టం స్టాండర్డ్ హెరాల్డ్. ఇటలీకి చెందిన మికెలోట్టి రూపకల్పన చేయగా ఇంగ్లండులో ట్రయంఫ్ పేరుతో వచ్చిన ఈ చిన్న కారును 1961 నుంచి మద్రాసులోనే, అంటే ఇక్కడికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, తయారు చేశారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన అంబాసిడర్, ఫియట్ 1100 నుంచి వచ్చిన పద్మిని కూడా ఈ కోవలోవే. వీటిని దేశవాళీ కార్లనడం ఎంత నిజమో, యూరప్ కార్లనడమూ అంతే నిజం.

మనుబోలు పరిసరాలకు ఈ కార్లతో ఇంకొక చుట్టరికం ఉంది, అది భూమి లోపలిది. గూడూరు, సైదాపురం ప్రాంతాల గనుల నుంచి తవ్విన అభ్రకం, జనం మైకా అనీ కాకిబంగారమనీ పిలిచేది, వేడికి చెదరదు, విద్యుత్తును సాగనివ్వదు, పొరలుపొరలుగా విడిపోతుంది. అందుకే సిరామిక్ స్థిరపడక ముందు మేలురకం స్పార్క్ ప్లగ్గుల్లో లోపలి కడ్డీ చుట్టూ అభ్రకపు బిళ్లలను బిగించేవారు. పాత కారు డైనమోలో, అంటే ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీకి విద్యుత్తు అందించే యంత్రంలో, దాని పాత్ర మరీ సూక్ష్మమైనది. డైనమో కడ్డీ చివర కమ్యుటేటర్ అనే రాగి స్థూపం ఉంటుంది. దాని రాగి పలకల నడుమ పలుచని అభ్రకపు పట్టీలుంటాయి. కార్బన్ బ్రష్‌ల రాపిడికి మెత్తని రాగి అరుగుతుంది, గట్టి అభ్రకం అరగదు, దాంతో అది పైకి తేలి బ్రష్‌లను ఎగరేస్తుంది, నిప్పురవ్వలు లేస్తాయి, చార్జింగు పడిపోతుంది. తెలిసిన మేస్త్రీ దాన్ని లేత్ మీద నున్నగా తీసి, హాక్సా బ్లేడు పళ్ల పక్కలను అభ్రకపు మందానికి సరిపోయేలా అరగదీసి, ఒక్కొక్క పట్టీనీ రాగి మట్టం కంటే దాదాపు 0.8 మిల్లీమీటర్లు లోతుకు గీస్తాడు. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ బిగించడం తేలికే, చాలామంది చేస్తున్నదీ అదే; కానీ ఆ మార్పుతో కారులోని ఒక చేతిపని మాసిపోతుంది.

తీరంలో అసలు శత్రువు తుప్పు. ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వాన, ఆ రెండింటికీ భయపడి మనుషులు కప్పే పట్టా, ఈ మూడింటిలో పట్టాయే ఎక్కువ చెరుపు చేస్తుంది, ఎందుకంటే అది చెమ్మను పోనివ్వదు. హెరాల్డ్‌లో బాడీకీ చాసిస్‌కూ పొత్తు బోల్టులతోనే కావడం, ముందు భాగమంతా ఒకే మూతగా ముందుకు వంగి తెరుచుకోవడం బాగుచేసేవాడికి వరం. అయితే చాసిస్ నుంచి పక్కలకు చాచిన చేతుల్లో బురద, నీరు నిలిచి లోపలి నుంచే తినేస్తాయి. అక్కడ లప్పం పూసి రంగు వేస్తే ఏడాదికల్లా బుడగలు లేస్తాయి. తుప్పుపట్టిన మేర మాత్రమే కోసి, అంతే మందపు రేకును సుత్తితో ఒంపు తీసి, వెల్డింగు చేసి, బోలు భాగాల్లోకి మైనపు నూనె చిమ్మడం టింకరింగ్ తెలిసినవాడి పద్ధతి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా పాత లోహాన్ని వీలైనంత నిలపడాన్నే ముందుంచుతుంది. కొత్తదానికంటే తళతళలాడే కారు బహుమతులు గెలుస్తుందేమో గాని, దానిలో మిగిలే పాతదనం ఇంజన్ నంబరంత.

పానాల దగ్గరే తికమక మొదలవుతుంది: రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి బ్రిటిష్ కారుకు విట్‌వర్త్ కొలతల పానా, తర్వాతిదానికి అంగుళాల పానా, ఫియట్‌కు మిల్లీమీటర్ల పానా కావాలి, ఒకదాని పని మరొకదానితో చేయబోతే నట్టు మూలలు గుండ్రమవుతాయి. ఇంధనమూ మారిపోయింది. 2000లో పెట్రోలు నుంచి సీసం పోయాక పాత ఇంజన్ల మెత్తని వాల్వు సీట్లకు రక్షణ తగ్గింది, ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని చెమ్మను పీల్చుకుని పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి, ట్యాంకును లోపల తుప్పు పట్టిస్తుంది; గట్టి సీట్లు, కొత్తరకం గొట్టాలు వేయడం ఇక్కడ మార్పు కాదు, ప్రాణరక్షణ.

నడపడంలోనూ ఒక పాత మర్యాద ఉంది. ఈ కార్లలో ఫస్టు గేరుకు పళ్ల వేగాలను కలిపే సింక్రోమెష్ లేదు కాబట్టి, కదులుతున్న కారును దానిలోకి దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి కాస్త ఆక్సిలరేటరు ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. పళ్లు కరకరలాడకుండా పడిందంటే పాదం, చెవి కలిసి పనిచేశాయన్నమాట. వింటేజ్ నంబరున్న వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం పోయించడానికి, మరమ్మతుకు తప్ప రోజువారీగా రోడ్డెక్కించకూడదని నిబంధన. పోలీసువారు ఏమనుకున్నా, నెలకొకసారి నూనె వేడెక్కే దాకా తిప్పి తేవడం మరమ్మతు కిందికే వస్తుందని పాత కార్లవాళ్ల వాదన. లారీలు దూసుకుపోయే జాతీయ రహదారి మీద కాకుండా, తెల్లవారుజామున, లోపలి ఊళ్ల రోడ్ల మీద.