నోరు తెరిచి చూసిన పుస్తకం

పాముల మీద వచ్చిన పుస్తకాల్లో పనితనం చూసి ముచ్చటపడాల్సింది పాట్రిక్ రస్సెల్‌ది. కోరమాండల్ తీరపు పాముల గురించి ఆయన రాసిన ఆ గ్రంథం 1796లో లండన్‌లో అచ్చయింది. అలెప్పోలో చాలాకాలం వైద్యం చేసి, 1781లో సోదరుడి కుటుంబంతో విశాఖపట్నం వచ్చిన స్కాట్లండు మనిషి ఆయన. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను కర్నాటిక్ ప్రాంతానికి ప్రకృతి పరిశోధకుడిగా నియమించింది. ఏది విషప్పాము, ఏది కాదు? ఆయన తేల్చాలనుకున్నది అదే.

అప్పటికి పాముల్ని వరసపెట్టడానికి ఉన్నది లిన్నేయస్ లెక్క. పొట్ట కింది రేకులు, తోక కింది రేకులు ఎంచాలి. తోక కింద జంట రేకులుంటే ఒక జాతి, ఒంటి రేకులుంటే బోవా. చూడ్డానికి నీటుగానే ఉంది గానీ, ఆ లెక్కన ఏ హానీ చేయని మందపాటి ఇసుకపాము, ప్రాణం తీసే కట్లపాము ఒకే గూట్లో పడతాయి. రస్సెల్ రేకులు వదలకుండా ఎంచాడు, కానీ అక్కడితో ఆగలేదు. నోరు తెరిచి పళ్ళ వరసలు చూశాడు. విషం లేని పాముకి పై నోట్లో సన్నపళ్ళు నాలుగు వరసలు. నాగుపాము, రక్తపింజరలకైతే బయటి వరసల చోట కోరలు. పింజర కోర మడత పడి చిగురు పొరలో దాక్కుంటుంది కాబట్టి పైపైన చూస్తే దొరకదు. చూసింది చాలదన్నట్టు కోళ్ళ మీద, కుక్కల మీద కాటు పరీక్షలు చేశాడు. పాముకాటుకు మందుగా పేరుమోసిన తంజావూరు మాత్రల్నీ పరీక్షకు పెట్టాడు. ఆ కుక్కల సంగతి చదవడం ఇవాళ కష్టమే.

బొమ్మల పక్కన స్థానికులు పిలిచే పేర్లే రాసుకున్నాడు. అలా ‘కాటుక రేకుల పొడ’ ఆ పుస్తకంలోకి ఎక్కింది. నాగుపాము తర్వాత అంత ప్రమాదం దీనిదేనన్నాడు. 1797లో జంతు శాస్త్రజ్ఞుడు జార్జ్ షా దానికి రస్సెల్ పేరే పెట్టాడు. మన రక్తపింజర అదే.

ఈ చూపుతో నర్సింహులపేట లాంటి మన ఊళ్ళలోకి వస్తే పని మరింత తెలుస్తుంది. ఇంటి గోడలెక్కి బల్లుల్ని పట్టే వుల్ఫ్ స్నేక్‌ను జనం కట్లపామనుకుని చంపుతారు. రెండింటికీ ముదురు రంగు ఒంటి మీద తెల్ల పట్టీలే. కానీ వుల్ఫ్ స్నేక్ పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోకవైపు చెరిగిపోతాయి. కట్లపాముకి తల వెనక కొంత మేర ఖాళీగా ఉండి, తర్వాత జంటలుగా వస్తాయి. వెన్ను నడుమ పొలుసులు పెద్దవి, ఆరు పలకలవి. తోక కింద కట్లపాముకి ఒంటి రేకులు, వుల్ఫ్ స్నేక్‌కు జంట రేకులు. అయితే తిరగేసి ఎంచడానికి పోవద్దు. తెగిపడ్డ తల కూడా కాసేపు కరవగలదు.

రస్సెల్ పుస్తకంలో తక్కువైంది ఒకటుంది, పాము బతికే తీరు. రేకుల సంఖ్య నిక్కచ్చిగా దొరుకుతుంది గానీ, పగలు ఎక్కడ పడుకుంటుంది, ఎప్పుడు తిరుగుతుందన్నది అంతగా దొరకదు. ఆ భాగం రైతులకు తెలుసు. పింజర గట్టు గడ్డిలో, కోసిన వరి మొదళ్ళ మధ్య కదలకుండా చుట్టుకుని ఉంటుంది. దగ్గరికి పోతే కుక్కర్ కూతలా బుస కొడుతుంది. జెర్రిపోతు మనిషిని చూడగానే పరుగు తీస్తుంది, తినేది ఎలుకల్ని. నీరుకట్టె పట్టుకుంటే కసిగా కరుస్తుంది, విషం మాత్రం లేదు. కట్లపాము పగలంతా ఎలుక బొక్కలో, ఇటుకల కుప్పలో ముడుచుకుని, రాత్రి ఇళ్ళలోకి వస్తుంది. కింద పడుకున్న మనిషిని కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు, చాలామంది నిద్ర కూడా లేవరు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది. కాటు గుర్తు వెతుకుతూ కూర్చోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడిచ్చే సూదిమందు నాగు, కట్ల, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ పనిచేస్తుంది కాబట్టి పామును చంపి వెంట తేనక్కర్లేదు.