పొత్తుల్లో పెత్తనం

కార్ల కంపెనీల పొత్తులు ఎక్కువగా చెడేది లెక్కల దగ్గర కాదు, పెత్తనం దగ్గర. కొత్త మోడల్ తయారీకి ఏళ్లు పడుతుంది, వేల కోట్లు కావాలి. ఇద్దరు పంచుకుంటే భారం తగ్గుతుందన్న మాట నిజమే. కానీ ఎవరి ఇంజన్ ఉంచాలి, ఎవరి ఫ్యాక్టరీ మూసెయ్యాలి అన్న దగ్గర పేచీ మొదలవుతుంది. 1998లో డైమ్లర్, క్రైస్లర్ తమది సమానుల కలయిక అని చాటుకున్నాయి. క్రైస్లర్‌ను ఒక విభాగంగా ఉంచాలన్నదే మొదటినుంచీ తన ఉద్దేశమని రెండేళ్లకే డైమ్లర్ అధిపతి ష్రెంప్ ఒక పత్రికతో అనేశారు. 2007లో విడిపోయాయి.

డబ్బు దెబ్బతీసిన పొత్తులూ లేకపోలేదు. జహీరాబాద్‌లో ఆల్విన్-నిస్సాన్ వాహనాలు తయారైన రోజుల్లోనే, 1985 తర్వాత, యెన్ విలువ బాగా పెరిగింది. జపాన్ నుంచి దిగే విడిభాగాల ధర మండిపోయింది. ఆ ఫ్యాక్టరీ చివరికి మహీంద్రా చేతికి వెళ్లింది.

ఖతార్ ప్రభుత్వ సొమ్ము ఫోక్స్‌వాగన్‌లోకి వెళ్లడానికి కారణం కూడా ఓ పెత్తనం తగువే. చిన్నదైన పోర్షె తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ఫోక్స్‌వాగన్‌ను చేజిక్కించుకుందామని 2005 నుంచి వాటాలు కొంటూ పోయింది. 2009 జనవరికి సగం దాటింది. అప్పటికి అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 20 శాతం ఓట్లున్న లోవర్ సాక్సనీ రాష్ట్రం, ముఖ్య నిర్ణయాలను అడ్డుకునే హక్కును ససేమిరా వదలలేదు. జులైలో పోర్షె అధిపతి వీడెకింగ్ తప్పుకున్నారు. ఆగస్టులో ఖతార్ రంగంలోకి దిగి, పోర్షె దగ్గరి ఆప్షన్లు కొని, ఫోక్స్‌వాగన్ ఓట్లలో 17 శాతం దక్కించుకుంది. 2012కల్లా పోర్షె కార్ల వ్యాపారమంతా ఫోక్స్‌వాగన్‌లో కలిసిపోయింది. ఓడింది కంపెనీయే; పోర్షె, పీష్ కుటుంబాల ఓట్ల బలం మాత్రం చెక్కుచెదరలేదు.

అదే 2009 డిసెంబరులో ఫోక్స్‌వాగన్ సుజుకీలో 19.9 శాతం వాటాకు ఒప్పందం చేసుకుంది. సుజుకీ కోరింది సాంకేతికత, స్వేచ్ఛ. ఫోక్స్‌వాగన్ వార్షిక నివేదిక మాత్రం సుజుకీ విధానాలపై తనకు గట్టి పలుకుబడి ఉన్నట్టు రాసుకుంది. సుజుకీకి ఒళ్లు మండింది. 2011లో ఫియట్ డీజిల్ ఇంజన్లు తెచ్చుకుంటే, ఒప్పందం ఉల్లంఘించారని ఫోక్స్‌వాగన్ నోటీసు ఇచ్చింది. మధ్యవర్తుల తీర్పు వచ్చేసరికి 2015 అయింది. సుజుకీ తన వాటాలను తిరిగి కొనుక్కుంది. ఫోక్స్‌వాగన్‌కు పెట్టిన దానికి దాదాపు రెట్టింపు వచ్చింది. చెడిన పొత్తులో లాభం రావడం అరుదు.

చిత్రమేమిటంటే, మారుతిలో పెత్తనం కోసం పట్టుబట్టింది ఈ సుజుకీయే. 1982లో 26 శాతంతో వచ్చి, పదేళ్లకు సగం వాటాకు చేరింది. 1997లో ప్రభుత్వం ఆర్‌.ఎస్‌.ఎస్‌.ఎల్‌.ఎన్‌. భాస్కరుడును మేనేజింగ్ డైరెక్టర్‌గా నియమిస్తే ఒప్పుకోక కోర్టుకెక్కింది. చెరి సగం వాటాలున్నచోట ఎవరి మాట చెల్లాలో చెప్పేవాళ్లు ఉండరు. మరుసటి ఏడాది, ఆయన 1999 చివరిదాకా మాత్రమే పదవిలో ఉండేలా రాజీ కుదిరింది. మారుతి నిలబడింది, కానీ సమానత్వం వల్ల కాదు, ఒకరు తప్పుకోవడం వల్ల. 2002లో సుజుకీ వాటా 54 శాతం దాటింది, 2007లో ప్రభుత్వం మిగిలినది కూడా అమ్మేసి పక్కకు జరిగింది.