రేపటి తవ్వకాల్లో మేమెక్కడ?

న్యూయార్క్ కళాకారుడు డేనియల్ ఆర్షమ్ 2013లో 'భవిష్యత్ అవశేషాలు' మొదలుపెట్టాడు. సెల్‌ఫోను, కెమెరా, క్యాసెట్ లాంటి నిన్నామొన్నటి వస్తువులనే ప్లాస్టరుతో, అగ్నిపర్వతపు బూడిదతో పోతపోసి, అక్కడక్కడా శిథిలం చేస్తాడు. వెయ్యేళ్ళ తర్వాత ఎవరో తవ్వితీసినట్టుంటాయి. ఇదే ఊహను కాల్చిన మట్టిలో, పింగాణీలో చేసే శిల్పులూ ఉన్నారు.

ఊహ మంచిదే. మన సరుకు మనకే వింతగా కనబడి గర్వం కాస్త దిగుతుంది. కానీ మాకొక పేచీ ఉంది. ఆ వస్తువు పక్కన చీటీ రాసేదెవరు? ఇది ఫలానావాళ్ళదని తేల్చేదెవరు? ఆ బొమ్మలు ఈ ప్రశ్న అడగవు. మేం అడక్క తప్పదు.

1992లో కూల్చిన బాబ్రీ మసీదు స్థలంలో 2003లో కోర్టు ఉత్తర్వు మీద తవ్వారు. గాజుపూత పెట్టిన పాత్రల ముక్కలు, పలకలు దొరికాయి. అవి ముస్లింలు మసిలిన ఆనవాళ్ళని కొందరు చరిత్రకారులు మొత్తుకున్నారు. నివేదిక మాత్రం ఉత్తరాది గుళ్ళను పోలిన కట్టడం ఉండేదని తేల్చింది. మట్టిపెంకు నోరు లేనిది. దాని తరఫున మాట్లాడేవాడిదే రాజ్యం.

కోనసీమ సంగతీ అంతే. ఆదుర్రులో బౌద్ధుల ఇటుక స్తూపం ఉంది. ఆ ఇటుకా, మా ఇంటి పెంకూ గోదావరి ఒండ్రే. 1996 నవంబరు తుపానుకు అందరి కప్పులూ లేచిపోయాయి. విరిగిన పెంకును చూసి ఇది తురకోళ్ళ ఇంటిదని రేపు తవ్వేవాడెవడైనా చెప్పగలడా? తేడా అంటూ ఉంటే వజూ చేసుకునే మట్టి కొమ్ముచెంబు. అదీ ఈ మట్టే, కుమ్మరి చేతిదే.

చీటీ చిన్న విషయమని ఎవరూ అనొద్దు. 2022లో జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చుతామంటేనే అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబడింది. పేరంటే అంత మంట.

హైదరాబాదు బాద్‌షాహీ అషుర్‌ఖానాలో కుతుబ్‌షాహీల రంగుపలకలను 1908 మూసీ వరద దెబ్బతీసింది. అయినా మొహర్రానికి అక్కడ ఇప్పటికీ అలం నిలుపుతారు. మనుషులు మసిలే చోటు అవశేషమెలా అవుతుంది? మా బతుకును నవాబుల నాటి జ్ఞాపకంగా మెచ్చుకునే లౌకిక మిత్రులకూ ఇదే మా జవాబు.

రేపటి అవశేషాలను ఈ ఒండ్రుతో చేయబోయే శిల్పికి ఒక్క మాట. సెల్‌ఫోను పక్కన మా కొమ్ముచెంబునూ పెట్టు. చీటీ మాత్రం మమ్మల్ని అడిగి రాయి. మేమింకా ఇక్కడే ఉన్నాం.