నాలుగు మూగ పిన్నులు

నింటెండో 1983 జులై 15న జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఫ్యామికామ్ అనే గేమ్ పెట్టెని విప్పితే, బోర్డు మీద 40 కాళ్ళ ఐసీలు రెండు కనిపిస్తాయి. రెండూ రికో కంపెనీ తయారీయే. ఒకటి ఆట లెక్కలూ శబ్దమూ చూసుకుంటుంది. రెండోది 2సి02. బొమ్మ గీసేది అదే. మెకానిక్కులు దాన్ని పీపీయూ అంటారు. 1985లో ఎన్ఈఎస్ పేరుతో అమెరికా చేరిన పెట్టెలోనూ ఉన్నది ఇదే చిప్పు. దీని నుంచి మచ్చలేని బొమ్మ రాబట్టడం పాత గేమ్ పెట్టెలు బాగుచేసేవాళ్ళకు ఏళ్ళ తరబడి కొరకరాని కొయ్యగా ఉండిపోయింది. ఆ చిక్కుముడిని టిమ్ వర్తింగ్టన్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు ఒక చిన్న బోర్డుతో విప్పాడు. దాని పేరు ఎన్ఈఎస్‌ఆర్‌జీబీ. ఎలక్ట్రానిక్స్‌లో నేను చూసిన పనితనాల్లో ఇంత ముచ్చటైనది తక్కువ.

కష్టం ఎక్కడుందో ముందు చూద్దాం. సెగా మెగా డ్రైవ్, సూపర్ ఫ్యామికామ్ లాంటి తర్వాతి పెట్టెల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం (ఆర్‌జీబీ) సిగ్నళ్ళు లోపల వేర్వేరుగా తయారై ఉంటాయి. మంచి యాంప్లిఫయర్ పెట్టి వాటిని బయటికి తెచ్చుకుంటే పని దాదాపు అయిపోయినట్టే. 2సి02లో ఆ మూడు రంగులు ఏ మూల వెతికినా దొరకవు. దానికి తెలిసినవి రంగుల సంఖ్యలు మాత్రమే. ఒక్కో సంఖ్యకు 6 బిట్లు. పై రెండు బిట్లు వెలుగెంతో చెబుతాయి, కింది నాలుగు ఛాయ ఏదో చెబుతాయి. ఆ సంఖ్య నుంచి చిప్పు తిన్నగా, రంగూ వెలుగూ ఒకే తీగలో కలిసిపోయే కాంపోజిట్ వీడియోనే పుట్టిస్తుంది. అమెరికా, జపాన్ టీవీల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో రంగు 3.58 మెగాహెర్ట్జ్ అల మీద వెళుతుంది. అల ఎంత జరిగి ఉందన్నదాన్ని బట్టి టీవీ ఛాయను పోల్చుకుంటుంది. పెట్టెలోని ప్రధాన క్లాకు దానికి సరిగ్గా ఆరు రెట్లు, అంటే 21.48 మెగాహెర్ట్జ్. ఆ క్లాకు లేచే అంచునీ పడే అంచునీ రెండింటినీ వాడుకుంటే అల నిలవగల చోట్లు 12 వస్తాయి. అందుకే ఈ యంత్రానికి 12 ఛాయలు, వాటితోపాటు తెలుపు, బూడిద, నలుపు. విడిగా ఎన్‌కోడర్ ఐసీ లేదు, దాని ఖర్చూ లేదు. పిల్లలు కొనుక్కోగల ధరకు పెట్టెను దించడానికి మసయుకి ఉఎమురా బృందం చేసిన పొదుపుల్లో ఇది గొప్పది.

ఆ పొదుపుకు తెర మీద మూల్యం ఉంది. ఒక పిక్సెల్ గీయడానికి చిప్పుకు పట్టే సమయంలో రంగు అల ఒక చుట్టు పూర్తిచేయలేదు, మూడింట రెండొంతులే తిరుగుతుంది. ఛాయ ఏదో టీవీ తేల్చుకునేలోగా పక్క పిక్సెల్ వచ్చిపడుతుంది. అందుకే మారియో టోపీ అంచున లేని రంగులు పాకుతుంటాయి, అక్షరాల చుట్టూ చీమలు నడుస్తున్నట్టు కదలిక కనిపిస్తుంది. ఎంత ఖరీదైన కేబుల్ పెట్టినా ఇది పోదు. ఒకసారి కాంపోజిట్‌గా కలిసిపోయాక రంగునీ వెలుగునీ పూర్తిగా విడదీయడం పులుసులోంచి ఉప్పును ఏరడం లాంటిదే. కలవకముందే పట్టుకోవాలి.

పట్టుకోవడానికి మొదట దొరికిన దారి నాకు ఎప్పుడూ రుచించలేదు. నింటెండో తన వీడియో పార్లర్ యంత్రాలైన ప్లేచాయిస్-10, వీఎస్ సిస్టమ్‌ల కోసం ఇదే పీపీయూలో ఆర్‌జీబీ ఇచ్చే రకాలు చేయించింది. 2సి03 వాటిలో ఒకటి. దాన్ని పార్లర్ బోర్డు నుంచి ఊడబీకి ఇంటి పెట్టెలో కూర్చోబెట్టేవారు. బొమ్మ నిజంగానే తేటగా వచ్చేది. కానీ ఒక పెట్టె బాగుపడటానికి ఇంకో యంత్రం చావాలి. పైగా 2సి03 రంగుల పట్టిక వేరు, కాబట్టి ఆటలు తమ రంగుల్లో కనిపించేవి కావు. చేసినవాళ్ళ చేతి నేర్పును తక్కువ చేయను. దారే సరైనది కాదు.

వర్తింగ్టన్ మరో చిప్పు కోసం వెతకలేదు. ఉన్న చిప్పునే మాట్లాడించాడు.

2సి02కి 14 నుంచి 17 వరకు నాలుగు పిన్నులున్నాయి. రెండు పీపీయూలను జతకలిపి వాడుకునేందుకు వీలుగా పెట్టినవి. ఇంటి పెట్టెలో ఆ అవసరం రాలేదు కనుక బోర్డు మీద నాలుగింటినీ గ్రౌండుకు కట్టేశారు. చిప్పుకు అందే ఒక ఆజ్ఞలో, సున్నా నుంచి లెక్కిస్తే ఆరో బిట్టు 1 అయితే మాత్రం ఈ పిన్నుల మీద ప్రతి పిక్సెల్‌కీ దాని రంగు సంఖ్యను చిప్పు దాచుకున్న గూటి నంబరు బయటికి వస్తుంది. మామూలు పెట్టెలో ఆ బిట్టు 1 చేస్తే, గ్రౌండుకు కట్టిన పిన్నుల్లోంచి కరెంటు పారి చిప్పు పాడయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి ఆటలు దాని జోలికి పోలేదు. ఎన్ఈఎస్‌ఆర్‌జీబీ పీపీయూకీ ప్రధాన బోర్డుకీ మధ్యలో కూర్చుంటుంది. పీపీయూను ఊడదీసి ఆ చోట ఈ బోర్డును అమర్చి, దాని మీద పీపీయూను మళ్ళీ పెడతారు. ఇప్పుడు ఆ నాలుగు పిన్నులకు గ్రౌండుతో సంబంధం లేదు. ప్రాసెసర్ ఏ ఆజ్ఞ పంపినా మధ్యలోని బోర్డు ఆ ఒక్క బిట్టును 1 చేసి పీపీయూకి అందిస్తుంది. ఆటకు తేడా తెలియదు.

గూడు నంబరు తెలిస్తే సరిపోదు, ఆ గూట్లో ఏ రంగు ఉందో కూడా తెలియాలి. రంగులు నింపేది ప్రాసెసరే కాబట్టి, అది పీపీయూకి రాసే ప్రతి రంగునూ మధ్యలోని బోర్డు విని తన దగ్గర రాసి పెట్టుకుంటుంది.

ఇంకో చిక్కు మిగిలే ఉంది. గూళ్ళు మొత్తం 32. వాటిని గుర్తించాలంటే 5 బిట్లు కావాలి, పిన్నులు నాలుగే. ఆ ఐదో బిట్టు చెప్పేది, పిక్సెల్ వెనకాల దృశ్యానిదా, కదిలే బొమ్మదా అన్నది. ఇక్కడ వర్తింగ్టన్ చేసిన పని తెలిసినప్పుడు నేను చాలాసేపు ఆ ఆలోచన దగ్గరే ఆగిపోయాను. ఆట పంపిన అసలు రంగులను బోర్డు తన దగ్గర దాచుకుని, పీపీయూకి మాత్రం వెనకాల దృశ్యానికంతా నలుపు, కదిలే బొమ్మలకంతా తెలుపు ఇస్తుంది. ఇక పీపీయూ కాంపోజిట్ పిన్ను మీద నలుపు వస్తే దృశ్యం, తెలుపు వస్తే బొమ్మ. ఇన్నేళ్ళూ బొమ్మను చెడగొట్టిన ఆ తీగనే ఐదో బిట్టుగా వాడుకున్నాడు. నాలుగు పిన్నులూ ఆ తీగా కలిస్తే ప్రతి పిక్సెల్ లెక్కా తేలిపోతుంది. బోర్డు దాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా మార్చి పంపుతుంది. ఎక్కడ ఏ పిక్సెల్ పడాలో నిర్ణయించేది మాత్రం నలభై ఏళ్ళనాటి పీపీయూయే.

ఆలోచన ఎంత అందమైనదైనా చివరికి టంకం పట్టే చెయ్యి సరైనదై ఉండాలి. ఈ పనిలో అన్నిటికన్నా భయపెట్టేది 40 కాళ్ళనూ క్షేమంగా ఊడదీయడం. పాత టంకం గట్టిపడి ఉంటుంది. నేర్పరి ముందు ప్రతి కాలికీ కొత్త లెడ్ కొంచెం కలుపుతాడు, అప్పుడే పాతది సుఖంగా కరుగుతుంది. ఆ తర్వాత వాక్యూమ్ గన్‌తో పీల్చేస్తాడు. 20వ పిన్ను దగ్గర నిదానించాలి. అది గ్రౌండు. వెడల్పాటి రాగి పరుపుకు అతుక్కుని ఉండి వేడినంతా తాగేస్తుంది. తొందరపడి ఐరన్ ఎక్కువసేపు నొక్కిపెడితే ప్యాడ్ లేచిపోతుంది, దాంతోపాటు ట్రాకూ తెగుతుంది. ప్రతి కాలినీ సన్నని మొనతో అటూ ఇటూ కదిపి చూసి, 40కి 40 వదులయ్యాయని తేలాకే చిప్పును ఎత్తాలి. స్క్రూడ్రైవర్ పెట్టి పైకి లేపాల్సి వచ్చిందంటే ఏదో ఒక కాలు ఇంకా పట్టుకునే ఉందన్నమాట.

మంచి పనిని గుర్తుపట్టడం కష్టం కాదు. బోర్డు వెనక్కి తిప్పి చూస్తే ప్రతి రంధ్రం గుండ్రంగా, ప్యాడ్లు మెరుస్తూ ఉంటాయి. ఫ్లక్స్ మరకలు స్పిరిట్‌తో తుడిచేసి ఉంటాయి. మీటరు బీప్ పెట్టి ప్రతి ప్యాడ్ నుంచి దాని ట్రాకు చివరిదాకా చూసుకున్నాకే సాకెట్ వేసి ఉంటారు. వీడియో తీగలు పొట్టిగా, క్లాకు దారులకు ఎడంగా పోతాయి. బయటికి తెచ్చిన సాకెట్ కోసం ప్లాస్టిక్‌ను మొరటుగా కోయకుండా, అంచులు ఆకురాయితో నున్నగా చేసి ఉంటాయి. మూత పెట్టాక లోపల ఇంత జరిగిందని పోల్చుకోలేం. ఆ వినయం నాకెంతో నచ్చుతుంది.

పెట్టె తెరిచారు కనుక చేయాల్సిన మరమ్మతులు ఇంకొన్ని ఉంటాయి. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మారుస్తారు. ఎన్ఈఎస్‌లో అయితే కేసెట్ దిగే 72 పిన్నుల కనెక్టర్‌ను శుభ్రం చేసో మార్చో పెడతారు. ఖర్చు భరించలేనివాళ్ళకు ఫ్యామికామ్‌లో చవక దారి ఒకటుంది. పీపీయూ వీడియో ఇచ్చే 21వ పిన్నును బోర్డు నుంచి పైకెత్తి, ఒక ట్రాన్సిస్టర్, రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్‌తో చిన్న యాంప్లిఫయర్ కట్టి ఏవీ సాకెట్‌కు ఇవ్వడం. ఆర్‌జీబీ అంత తేట రాదు. కానీ తెర మీద జైలు ఊచల్లా నిలబడే నిలువు గీతలు బాగా తగ్గుతాయి.

ఇంతకీ అసలైన రంగులేవి? ఛాయను టీవీ తేల్చే పద్ధతి కాబట్టి ఈ యంత్రానికి ఆర్‌జీబీలో ఇదే సరైనదన్న పట్టిక లేదు. సూపర్ మారియోలోని ఆకాశం ఒక టీవీలో నిఖార్సైన నీలం, ఇంకోదానిలో కొంచెం ఊదా. వర్తింగ్టన్ ఈ సంగతిని దాచలేదు. బోర్డులో మూడు పట్టికలు పెట్టి, ఒక స్విచ్చితో ఎంచుకునే వీలిచ్చాడు. పట్టికలన్నీ ఆపేస్తే పాత కాంపోజిట్ బొమ్మ యథాతథంగా వస్తుంది. కెవిన్ హోర్టన్ చేసిన హై-డెఫ్ ఎన్ఈఎస్ మరో పద్ధతిలో నేరుగా హెచ్‌డీఎమ్ఐ ఇస్తుంది, దాని ప్రతిభ దానిదే. నా ఓటు మాత్రం వర్తింగ్టన్‌కే. వెనక్కి వెళ్ళే దారి మూయకుండా చేసిన మార్పును నేను గొప్ప మార్పు అంటాను.

1990లలో మన ఊళ్ళలో వీడియో గేమ్ పేరుతో అమ్ముడైన పసుపు కేసెట్ల పెట్టెలు చాలావరకు ఈ ఫ్యామికామ్ నకళ్ళే. మీ అటక మీద అలాంటిదొకటి ఉంటే పాత సామాన్లవాడికి వేసే ముందు నాలుగు స్క్రూలు విప్పి చూడండి. బోర్డు మీద నల్లటి జిగురు ముద్ద ఒక్కటే ఉంటే అందులో చిప్పులన్నీ కలిపి పూడ్చేశారని అర్థం. పట్టుకోవడానికి పిన్నులే ఉండవు. అలాకాక 40 కాళ్ళ ఐసీలు విడివిడిగా రెండు కనిపిస్తే దాన్ని పారేయకండి. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే కాసిని విడిభాగాలతో, చెయ్యి తిరిగిన మెకానిక్ ఒకరి సాయంతో దాని వీడియో పిన్నుకు శుభ్రమైన దారి వేయించవచ్చు.